రామదాసుని కర్తృత్వము

దాశరథీశతకమును జదువు పండితునకును, భద్రాచల రామదాసు కీర్తనలఁ బాడు భాగవతునకును నడుమ మన దేశమున నొక గోడ కట్టఁబడి యున్నది. మొదటివాఁడు శతకకర్తను గవి యనును. రెండవవాఁడు కీర్తనకర్తను భక్తుఁ డనును. ఇరువురును బేర్కొనునది యొక్క మనుష్యునే యని యిరువురకును దెలియును; తెలిసియు మఱతురు. పాఠశాలలో శతకపద్యము యతిప్రాసలతో, ప్రతిపదార్థముతోఁ జెప్పఁబడును. కీర్తన శ్రీరామనవమి పందిటికి విడువఁబడును. ఈ పంపకమువలన మనకుఁ గలిగిన నష్టము కొంచెము గాదు. ఒక రచయిత తన్ను రచయితగా నెట్లు గుర్తించుకొనెను, అతని వాక్కునకుఁ బ్రేరణ మెచ్చటనుండి కలిగెను అను ప్రశ్నమునకు మన భాషలో నింతకంటె స్పష్టమైన నిదర్శనము నాకుఁ గానరాదు. శతకమును, కీర్తనలను ఒక్క బల్లమీఁదఁ బెట్టుకొని చదివినప్పుడే యది తెలియవచ్చును.

చరిత్రాంశము లందఱకుఁ దెలిసినవే గాన క్లుప్తముగాఁ జెప్పెదను. ఇతనికిఁ దల్లిదండ్రులు పెట్టిన పేరు గోపన్న, ఇంటిపేరు కంచెర్ల, జన్మస్థలము ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి. గోలకొండ సుల్తానగు అబుల్‌హసన్ తానీషా కొలువున మంత్రులైన అక్కన్న మాదన్నలు మేనమామ లని ప్రసిద్ధి. 1672 మొదలు 1687 వఱకు సాగిన యా ప్రభుత్వమున గోపన్న పాల్వంచ పరగణాకుఁ దహసీలుదారుగా నుండెను. శిస్తు వసూలు చేసి గోలకొండకుఁ బంపుట యాతని పని. ఆ ధనముతో గోదావరి యొడ్డున భద్రాచలమునఁ గోవెల కట్టించెను. అందులకుఁ జెఱసాల పాలయ్యెను. చెఱలోఁ బండ్రెండేండ్లు గడపెనని లోకమున వాడుక. ఆ లెక్కయే నిజమైనచోఁ దానీషా రాజ్యకాలములో నధికభాగ మితఁడు కోటలోపలనే యుండెనని యొప్పుకొనవలసి వచ్చును. అది చరిత్రకారులు విచారింపఁదగిన మాట. మన ప్రసంగమునకుఁ గావలసిన దొక్కటియే: ఈ మనుష్యుఁడు వృత్తిచేత లెక్కలవాఁడు.

శతకమున నొక పద్యమందు గోపన్న తన వంశమును జెప్పుకొనినాఁడు. లింగమంత్రి కుమారుఁడ ననియు, అత్రిగోత్రజుఁడ ననియు, ఆదిశాఖవాఁడ ననియు, కంచెర్ల కులమునఁ బుట్టినవాఁడ ననియు వరుసగాఁ జెప్పి, కవులెల్లరు మెచ్చునట్లుగా నీ కృతిని స్వామి కంకితముగా రచించితినని పలికి, తన్ను ‘గోపకవీంద్రుఁ’డని నిర్దేశించుకొనినాఁడు. ఇది ప్రబంధకవు లాశ్వాసాంతగద్యలయందుఁ బాటించు మర్యాద. శతకమునకు గద్య లేదు గనుక నా పని పద్యమే చేసినది. ఇచ్చట గోపకవీంద్రుఁడు కర్త, రచించుట క్రియ, క్రియ యుత్తమపురుషైకవచనము. కర్తృత్వమునుగూర్చి సందేహమున కెడము లేదు. అయినను ఆ పద్యము ముగియకముందే యీ కవీంద్రుఁడు తాను దాసుఁడ ననును. ఇంద్రశబ్దముతోఁ దన్నుఁ బైకెత్తుకొనినవాఁడు మకుటమునకు ముంగల దాసశబ్దముతో నేల దిగినాఁడు. ఒక్క పద్యమున రెండు పేర్లు. కీర్తనలకు వచ్చుసరికి మొదటి పేరు కానరాదు, రెండవది నిలిచినది.

ఎట్లు నిలిచినదో చూడవలెను. పాటలు గట్టువారికి ముద్ర ముఖ్యము. త్యాగరాజు తన పేరునే ముద్రగా నుంచెను. ముత్తుస్వామి దీక్షితులు గురుగుహనామము నుంచెను. అన్నమాచార్యులకు వేంకటేశ్వరుఁడు, క్షేత్రయ్యకు మువ్వగోపాలుఁడు. వీరిలో నొకరు తమ పేరు చెప్పిరి. తక్కినవారు తమ దైవము పేరు చెప్పిరి. గోపన్న యీ రెండు తెన్నులను విడిచినాఁడు. ‘భద్రాచల రామదాసు’ అనునది పుట్టుకతో వచ్చిన పేరు గాదు. కేవలము దైవము పేరును గాదు. అందు స్థల మున్నది, స్వామి యున్నాఁడు, తానున్నాఁడు.

ఈ సమాసమునకు విగ్రహ మెట్లు చెప్పవలెను? భద్రాచలరాముని దాసుఁ డనవచ్చును. అప్పుడు కొండ దేవునికి విశేషణము. భద్రాచలమందలి రామదాసుఁ డనవచ్చును. అప్పుడు కొండ కవికి విశేషణము. మొదటి పక్షమునకు బలము లేకపోలేదు. రాముఁ డెన్నియో యూళ్ల వెలసియున్నాఁడు; ఇతఁడు గొలిచినది యీ కొండమీఁది రాముని. రెండవ పక్షమునకును బలమున్నది. ఆ కాలముననే మహారాష్ట్రమున సమర్థ రామదాసు (1608–1681) వర్ధిల్లెను. ఆయనయు నారాయణుఁడను తొలిపేరు విడిచి రామదాసైనవాఁడే. పేరు సమాన మైనప్పుడు ఊరు కావలసివచ్చును. నేను రెండవ పక్షమువైపే మ్రొగ్గుదును. ఏలయనఁగా గోపన్న పుట్టినది నేలకొండపల్లి, కొలువు చేసినది పాల్వంచ, చెఱయున్నది గోలకొండ. వీనిలో నొక్కటియు నతని పేరిలోఁ జేరలేదు. తాను గట్టించిన గుడి యున్న యూరే చేరినది. తండ్రివలన వచ్చినదానిని శతకమున నొక్క పద్యమున లెక్క యొప్పగించి, పాటలయందుఁ దాను సంపాదించుకొనినదానిని మాత్రమే చేవ్రాలుగా నుంచుకొనినాఁడు. ముద్ర యొక్కటియే కర్తృత్వమునకుఁ జాలిన ప్రమాణము గాదనియు, నోటఁ బాడఁబడుచు వచ్చిన పాటలలో నొకరి ముద్ర యింకొకరి పాట కంటుకొనుట కద్దనియుఁ బండితు లెఱుఁగుదురు. నేనిచ్చట విచారించుచున్నది పేరు కట్టిన తీరును మాత్రమే.

మఱియొక విశేషము. శతకపద్యమున గోపకవీంద్రుఁడు ప్రథమావిభక్తిలోఁ గర్తగా నిలిచినాఁడు. కీర్తనల కడపటి చరణములయందు రామదాసు తఱచుగా ద్వితీయలోఁ గానవచ్చును. అనఁగా బ్రోవఁబడవలసినవాఁడుగా, ఏలఁబడవలసినవాఁడుగా. కవి కర్తృస్థానమునుండి కర్మస్థానమునకు జరిగినాఁడు. ఇంతమాత్రము చూచి కొందఱు కీర్తనలయందుఁ గవి లేఁడు, భక్తుఁడే యున్నాఁ డందురు. అన్నియు స్వామియే పలికించెను, దాసుఁడు నిమిత్తమాత్రుఁడు అని వారి మతము. నేఁటి కాలమున దీనికి విరుద్ధమైన మతము ప్రబలుచున్నది: కవి సర్వస్వతంత్రుఁడు, అతనికిఁ బ్రేరకుఁ డక్కఱలేదు అని. వ్యాకరణము చదివినవానికి ఈ రెండును దొందరపాటు మాటలుగాఁ దోఁచును.

పాణిని కర్తను స్వతంత్రుఁడని నిర్వచించెను. వెంటనే, ఆ స్వతంత్రునిఁ బ్రేరేపించువానికి హేతు వను సంజ్ఞ నిచ్చి, వానికిఁ గర్తృసంజ్ఞను గూడ విడువలేదు. కావునఁ బ్రేరణార్థమునఁ గర్త లిరువురు: ప్రయోజకుఁ డొకఁడు, ప్రయోజ్యుఁ డొకఁడు. ఒకఁడు పంపఁగాఁ జేయువాఁడు స్వతంత్రుఁ డెట్లగును అని మహాభాష్యమునఁ జర్చ కలదు. వైయాకరణుల సమాధానసారమేమన: పంపఁబడినవాఁడు చేయకుండుటకును సమర్థుఁడు, చేయకుండఁగలవాఁడు గనుకనే యతఁడు చేసినప్పుడు కర్త. చేతిలోని కత్తి యట్లు మానుకొనలేదు. కావున నది కరణము. భర్తృహరి యింకొక మెట్టెక్కి, కర్తకుఁ బ్రతినిధి యుండఁడని చెప్పెను. కత్తి లేకున్న గొడ్డలి చాలును; కర్త మాఱినచోఁ గ్రియయే వేఱగును.

దీనిని గవితకు నన్వయించిన నూతనమేమియుఁ జెప్పినట్లు గాదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందుఁ గవిప్రతిభకుఁ గారయిత్రి యని పేరు పెట్టెను. అది ణిజంతము. చేయునది యనక, చేయించునది యనినాఁడు. చేయువాఁడు మిగిలియే యున్నాఁడు. బమ్మెర పోతన భాగవతావతారికలోఁ బలికించువాఁడు రామభద్రుఁడని చెప్పినప్పుడు సైతము, ఆ పలుకునకుఁ దాను బూనుకొందునని వెంటనే చెప్పినాఁడు. ప్రయోజకుని గుర్తించుట ప్రయోజ్యకర్తను దుడిచివేయుట గాదు. ఇంకొక చిత్రము: శబ్దము కర్మముగాఁ గల ధాతువులయందుఁ బ్రయోజ్యకర్తకుఁ గర్మసంజ్ఞ వచ్చునని పాణినీయము. శిష్యునిచేత వేదము చదివించుట సంస్కృతమున శిష్యుని జదివించుటగా ద్వితీయతోనే చెప్పఁబడును. పలికింపఁబడిన రామదాసు ద్వితీయలో నిలుచుట యీ సూత్రమునకుఁ దగియున్నది. దీనిని జమత్కారముగా మాత్రమే చెప్పుచున్నాను, సిద్ధాంతముగాఁ గాదు.

సిద్ధాంతమునకు ఆధార మింకొకచోట నున్నది. ఇక్ష్వాకుకులతిలకుని సంబోధించి, యికనైనఁ బలుకుమని పాడిన కీర్తన మెఱుఁగనివారుండరు. అందుఁ గవి గుడికిఁ బెట్టిన సొమ్మునకు లెక్క చెప్పుచున్నాఁడు. చుట్టును బ్రాకారములు కట్టించితి. వాని కింత పట్టినది. సీతమ్మకుఁ జింతాకుపతకము, భరతునకుఁ బచ్చలపతకము, లక్ష్మణునకు ముత్యాలపతకము, శత్రుఘ్నునకు మొలతాడు. ఒక్కొక్కదాని కింత పట్టినది. స్వామికిఁ గలికితురాయి. పద్దు, పద్దు వెంబడి మొత్తము; వరహాలు, మొహరీలు. పల్లవి మాటిమాటికి వచ్చి సంతకమువలె నిలుచును. తహసీలుకచేరీలోని చిట్టాను దెచ్చి దేవుని యెదుటఁ జదివినట్లున్నది. సంఖ్యలు మాత్రము చిట్టాలోనివి గావు: మాటిమాటికిఁ బదివేలే. నిజమైన లెక్కలో నన్ని నగలకు నొక్క ధర పడదని తహసీలుదారునకుఁ దెలియదా? తెలియును. అతఁ డిచ్చటఁ బద్దుల లయను మాత్రము తీసికొని, పైసల నిజమును విడిచినాఁడు. ఇది కవి చేయు పని. మమ్మటుఁడు కావ్యహేతువులలో లోకశాస్త్రకావ్యములఁ బరికించుటవలనఁ గలుగు నిపుణతను జెప్పెను. లోక మనఁగా మలయపర్వతమును, చంద్రోదయమును మాత్రమే యని మనము తలఁచుచుందుము. గోపన్నకు లోకము కచేరీ. అతనిచే నీ కీర్తనఁ బాడించినవారిలో రాముఁ డొకఁడు, చిట్టా యొకటి, కొరడా యొకటి.

ఈ కీర్తనలోని ప్రధానక్రియ ‘చేయిస్తి’ యనునది. ఇది ప్రేరణార్థకము. ప్రాకారమునకు రాతి పని చేసినవాఁడు వడ్డెవాఁడు, పతకమునకుఁ బొన్ను గరఁగించినవాఁడు కంసాలి, వారు ప్రయోజ్యకర్తలు. చేయించినవాఁడు, అనఁగాఁ బ్రయోజకుఁడు, గోపన్న. దాస్యమే తన స్వరూపమని పేరు పెట్టుకొనినవాఁ డిచ్చట నెంత సులువుగాఁ దప్పించుకొనఁగలఁడు! నీవే చేయించితివి, స్వామీ, నేరము నీది యనిన సరిపోవును. తానీషా యెదుట నా వాదము చెల్లకున్నను రాముని యెదుటఁ జెల్లును. అతఁ డట్లనలేదు. నేను జేయించితి ననినాఁడు; ఒక్కమాఱు గాదు, పద్దుపద్దునను అనినాఁడు. కర్మస్థానమున నిలిచి మొఱపెట్టుకొనువాఁడే క్రియను దనదిగా నుంచుకొనినాఁడు. క్రియ తనదైనప్పుడే ఋణ మడుగుటకు హక్కు గలుగును. అందుచేతనే యా పిమ్మట దేవుని తండ్రిని మామను దెచ్చి, ఈ సొమ్ము వారిచ్చినదా యని యడుగఁగలిగినాఁడు. ఎవరి సొమ్మని యిట్లు కులుకుచున్నావని తిట్టఁగలిగినాఁడు. అటుపిమ్మటఁ దిట్టితినని కష్టపెట్టుకొనవలదు, దెబ్బల కోర్వలేక తిట్టితినని చెప్పుకొనినాఁడు.

ఈ తిట్టును జూచి గ్రామ్యదోషమని ముఖము చిట్లించువారు మనలోఁ గలరు. వారికి మమ్మటుఁడే సమాధానము చెప్పియున్నాఁడు: వక్త యెవఁడు, అతని యవస్థ యేది యను నౌచిత్యమునుబట్టి దోషము గుణమగుట కలదు. దెబ్బలు దినువాని నోట మర్యాదమాట వెలువడిన నదియే యనౌచిత్యము. ఇంక ‘చేయిస్తి’ యను రూపమును బాలవ్యాకరణ మంగీకరింపదు, చేయించితి ననవలెను. శతకమునఁ దాను రచించితినని వ్యాకరణసమ్మతముగాఁ జెప్పఁగలిగినవానికిఁ జేయించితి ననుట తెలియదని యెవ్వరును అనలేరు. కావున నా రూపము అజ్ఞానమువలన వచ్చినది గాదు. శతకమున నతఁడు కవులు మెచ్చుటకు వ్రాసినాఁడు. ఆ మాట యతఁడే చెప్పినాఁడు. కీర్తనలో నతని కెదుటివాఁ డొక్కఁడే. ఆ యొక్కనితో నతఁడు తన యింటి భాష మాటలాడినాఁడు. పేరు మార్చుకొనినప్పుడు భాషను గూడ మార్చుకొనినాఁడు. నా మతమున గోపకవీంద్రునికంటె రామదాసు పెద్దకవి. శతకము లేకున్న నాంధ్రసాహిత్యమునఁ బదునేడవ శతాబ్దికి నొక మంచిశతకము తక్కువయగును. ఆ కీర్తన లేకున్న, ఆ గొంతు మఱియొకచోట దొరకదు.

లోకకథలోఁ గూడ నీ లెక్కల వాసన విడువలేదు. రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేర్లతో వచ్చి యాఱులక్షలు తానీషాకుఁ జెల్లించిరఁట; చెల్లించి రసీదు పుచ్చుకొనిరఁట. మోక్ష మీయఁగల దేవుఁడు రసీదు కొఱకు నిలుచుట యే పురాణమునఁ గలదు? ఆ కథను గల్పించిన జనులు రామదాసు కీర్తనలను మనకంటె బాగుగా విన్నవారు.

ఈ సీమవారికిఁ గొంత యెక్కువ తోఁచునది యొకటి గలదు. శతకమున గోపన్న శబరిని, గుహునిఁ బేర్కొని, వారు నీకుఁ జుట్టములా, వారి నేలితివి గదా, నన్నేల యేలవని వాదించినాఁడు. ఇతరదేశములలో శబరి పురాణనామము. ఇచ్చట నది యేటిపేరు. భద్రాచలమునకు దిగువఁ గూనవరమున శబరి గోదావరిలోఁ గలియుచున్నది. భద్రాచలమున రాముని విగ్రహములు మొదటఁ బోకల దమ్మక్క యను నడవిపల్లె యాఁడుదానికిఁ గానవచ్చెననియు, ఆమె తాటియాకుల పందిరి వేసి పండ్లు నివేదించుచుండెననియు స్థలకథ. గోపన్న గోపురముకంటె ముందు దమ్మక్క పందిరి యున్నది. శబరివరుసలోఁ దన్నుఁ జేర్చుమని యడిగినవాని కీ కథ వినఁబడలేదనుకొనుట కష్టము. అయినను స్థలాభిమానముచేతఁ బ్రతి పద్యమునను అడవిని వెదకుట విమర్శ గాదు. అతనికి నిజమైన ప్రేరణము అడవికంటెఁ గచేరీయందును, కచేరీకంటెఁ జెఱయందును ఎక్కువ దొరికినది.

ఈ విషయమును నేనింతగాఁ బట్టుకొనుటకుఁ గారణము గలదు. నేను నివసించు కొత్తగూడెము సింగరేణి బొగ్గుగనుల ప్రధానకార్యాలయ మున్న యూరు. గోపన్న కొలువు చేసిన పాల్వంచ ప్రక్కనే యున్నది. పద్యము వ్రాయఁ దొడఁగిన విద్యార్థులు నాయొద్దకు వచ్చుచుందురు. మొదట నడుగునది కలముపేరు: ఏ పేరు పెట్టుకొనవలెను? వారు తెచ్చిన పద్యములలో మలయమారుతము, చక్రవాకములు నుండును. గని సైరను, రాత్రి షిఫ్టు, తండ్రి చేతి గోళ్లలోని నలుపు నుండవు. అవి కవిత్వమునకుఁ బనికిరావని వారికిఁ జెప్పినవారము మనమే, అనఁగాఁ బండితులము. ఈ ప్రాంతమునఁ గవులు లేరను మాట పూర్వ మొకసారి పుట్టఁగా, సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి 354 మంది కవులను జూపించిరి. ఆ సమాధానము సంఖ్యకు సంబంధించినది. అది యప్పటి కవసరము. నేఁ డీ పిల్లలకుఁ గావలసినది సంఖ్య గాదు. వారి యింటి మాటయుఁ గావ్యహేతువులలోఁ జేరునను ధైర్యము.

అట్టి ధైర్యము గలవారు లేకపోలేదు. ఖమ్మమునఁ జదువుకొనిన దాశరథి కృష్ణమాచార్యులు తన యింటిపేరునే కలముపేరుగా నుంచుకొనిరి. నిజాము ప్రభుత్వము నిజామాబాదు చెఱలో నుంచినప్పుడు గోడమీఁద బొగ్గుతోఁ బద్యములు వ్రాసిరి. 1949లో నగ్నిధార వెలువడినది. కాగితము లేనివానికి బొగ్గే లేఖిని యైనది. ఆ సంగతి చెప్పినప్పుడు మా విద్యార్థు లొకరి ముఖ మొకరు చూచుకొందురు. బొగ్గు సంగతి వారికిఁ జెప్పవలసిన పని లేదు గదా.

కడపట నొక పాఠవిచారము. కీర్తనలను బాఠ్యగ్రంథములకు నెత్తి వ్రాయునప్పుడు ‘చేయిస్తి’ యనుచోట నెవరైన వ్యాకరణభీతిచేతఁ ‘జేయించితి’ యని దిద్దఁ దలఁచినచో, ముందుగాఁ దాళము వేసి చూచుకొనవలెను. మొదటిది యైదు మాత్రలు, రెండవది యాఱు. ఒక మాత్ర యెక్కువైనచోఁ బద్దు పద్దునకును బాట తడఁబడును. పాడువాఁ డా మాత్రను మ్రింగివేసి మరల ‘చేయిస్తి’ యనియే పాడును.